లాగిన్ ఇచ్చినంత మాత్రాన: విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్లు, నెట్‌వర్కుల బాధ్యతాయుత వినియోగం



 ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆయన పూర్తి పేరు, డిగ్రీలు, పదవులు అన్నీ ఆహ్వానపత్రంలో ఉన్నాయి. కానీ ఈ ప్రాంగణంలో అటెండరు దగ్గర్నుంచి వైస్ ఛాన్సలర్ దాకా ఆయన్ని పిలిచింది ‘మాస్టారు’ అనే. నేనూ అలాగే అంటాను. మాస్టారు కంప్యూటర్ సెంటర్‌ని నడిపిన రోజుల్లో యంత్రం ఒకటి, దాన్ని వాడేవాళ్లు పదుల్లో. ఎవరి ప్రోగ్రాము ఎంతసేపు నడుస్తుందో, ఎవరు ప్రింటరు కాగితం దండగ చేస్తారో ఆయనకు నోటికి వచ్చు. తప్పు చేసినవాణ్ణి పిలిచి కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ చీవాట్లు పెట్టేవారు. ఇవాళ ఇదే ప్రాంగణంలో వేలమంది, మనిషికి రెండేసి పరికరాలు. ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు. మొహాలు తెలిసిన చోట మాట సరిపోతుంది. తెలియని చోట నియమం కావాలి. ఆ నియమం ఎలా ఉండాలి, అసలు ఎవరికి ఉండాలి అన్నదే ఈ పూట నా విషయం.

విశ్వవిద్యాలయాల కంప్యూటర్ నియమావళి ఏది తీసి చూసినా ఒకే తీరు. విద్యార్థి చేయకూడని పనుల పట్టిక అది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పరాదు, సినిమాలు దించుకోరాదు, అశ్లీలం చూడరాదు, ఉల్లంఘిస్తే క్రమశిక్షణ చర్య. అడ్మిషన్ రోజున ఫీజు రసీదు, టీసీ, కుల ధ్రువీకరణ పత్రాల మధ్య ఈ కాగితమూ ఒకటి. చదవకుండానే సంతకం అయిపోతుంది. ఆ పట్టికలో ఉన్నవన్నీ సబబే. కానీ అది సగం కాగితం. ఒకరి పని వల్ల గానీ, చేయాల్సింది చేయకపోవడం వల్ల గానీ ఎంతమందికి నష్టం జరగగలదో, ఆ మేరకు వాళ్ల బాధ్యత ఉండాలి. ఆ లెక్కన చూస్తే నెట్‌వర్కు మీద అందరికన్నా తక్కువ బాధ్యత ఉండవలసింది కొత్తగా చేరిన విద్యార్థికి. మనం మొత్తం మోపింది అతని మీదే. ఈ మాటను రెండు పాత కేసులతోనూ, మన హాస్టళ్లలో, ఆఫీసుల్లో రోజూ చూసే సంగతులతోనూ వివరిస్తాను.

1988 నవంబరు 2

రాబర్ట్ టప్పన్ మోరిస్ అప్పటికి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు పరిశోధన విద్యార్థి. చేరి కొద్ది నెలలే అయింది. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి తనంతట తానే పాకే ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఉండాలని దాన్ని కార్నెల్ నుంచి కాక ఎంఐటీలోని ఒక యంత్రం నుంచి వదిలాడు. అది ఫైళ్లు చెరిపేది కాదు, రహస్యాలు ఎత్తుకుపోయేదీ కాదు. పాకడమే దాని పని. అయినా తెల్లవారేసరికి ఆ దేశంలో పేరున్న విశ్వవిద్యాలయాల్లోనూ పరిశోధనశాలల్లోనూ యంత్రాలు ఊపిరాడక కూలబడ్డాయి. అప్పటి ఇంటర్నెట్‌లో ఉన్న సుమారు 60,000 యంత్రాల్లో 6,000 దాకా దాని బారిన పడ్డాయని అంచనా.

అది లోపలికి ఎలా వెళ్లిందో కొంచెం దగ్గరగా చూడాలి. ఉత్తరాలు చేరవేసే సెండ్‌మెయిల్ ప్రోగ్రాములో, తయారీదారులు పరీక్షించుకోవడానికి పెట్టుకున్న దొడ్డిదారి ఒకటి చాలా యంత్రాల్లో మూయకుండా ఉండిపోయింది. అది మొదటి దారి. ఫలానావాళ్లు లాగిన్ అయి ఉన్నారా అని అడిగితే చెప్పే ‘ఫింగర్’ అనే సేవ రెండో దారి. పట్టే దానికన్నా పొడవైన ప్రశ్న పంపితే అది పొర్లిపోయి, ప్రశ్నలో దాచిన పరాయి ఆజ్ఞలను నడిపేసేది. మూడో దారి మనుషులే. ఆ ప్రోగ్రాము మొదట యూజరు పేరునే పాస్‌వర్డుగా ప్రయత్నించేది, తరువాత దాన్ని తిరగేసి చూసేది, ఆపైన తనతో తెచ్చుకున్న 432 మాటల పట్టిక తీసేది. ఒక్క పాస్‌వర్డు దొరికితే చాలు, ఆ మనిషికి ఖాతా ఉన్న ఇతర యంత్రాలకూ దారి దొరికినట్టే. పైగా ఆ రోజుల్లో ఒక యంత్రం తాను నమ్మిన ఇంకో యంత్రం నుంచి వచ్చినవాణ్ణి పాస్‌వర్డే అడిగేది కాదు. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు ఒకరినొకరు నమ్మి కట్టుకున్న ఏర్పాటది.

అసలు కొంప ముంచింది ఒక చిన్న లెక్క. అప్పటికే తన ప్రతి ఒకటి ఉన్న యంత్రంలోకి వెళితే ఇది వెనక్కి తగ్గాలి. కానీ ఎవరైనా తెలివిగా ‘ఇక్కడ ఉంది’ అని బొంకి దీన్ని ఆపేస్తారేమోనని మోరిస్ ముందుగానే అనుకున్నాడు. అందుకని ఉందని జవాబు వచ్చినా సరే, ఏడుసార్లలో ఒకసారి ఇంకో ప్రతి పెట్టమని రాశాడు. ఏడింట ఒకటి తక్కువే అని అతని అంచనా. నెట్‌వర్కు వేగానికి అది ఎన్నో రెట్లు ఎక్కువైపోయింది. ఒక్కో యంత్రంలో పదుల కొద్దీ ప్రతులు పేరుకున్నాయి. చెయ్యి దాటిపోయిందని తెలిశాక హార్వర్డ్‌లోని అతని మిత్రుడు ఒకరు తెల్లవారుజామున పేరు లేకుండా ఒక హెచ్చరిక పంపారు. దీన్ని ఆపడానికి ఏం చేయాలో అందులో ఉంది. కానీ అప్పటికి ఎక్కడివాళ్లక్కడ భయపడి యంత్రాలను నెట్‌వర్కు నుంచి పీకేస్తున్నారు. మిగిలిన దారులు కిక్కిరిసి ఉన్నాయి. మందు రాసి ఉన్న ఆ ఉత్తరం జబ్బు వల్లే ఒక రోజుకు పైగా దారిలో చిక్కుకుపోయింది.

కోర్టులో మోరిస్ తరఫు వాదన రెండు ముక్కలు. నష్టం చేసే ఉద్దేశం నాకు లేదు. కార్నెల్ యంత్రాల మీద నాకు ఖాతా ఉంది, వాడుకునే అనుమతి ఉంది. 1990 జనవరిలో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. 1986 నాటి కంప్యూటర్ మోసాల చట్టం కింద జ్యూరీ విచారణతో దోషిగా తేలిన మొదటి మనిషి అతనే. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. 1991 మార్చిలో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది. అనుమతి లేని చోటికి వెళ్లాలన్న ఉద్దేశం చాలు, నష్టపరచాలన్న ఉద్దేశం రుజువు కానక్కర్లేదు అంది. ఒక యంత్రం మీద ఇచ్చిన లాగిన్ ఊళ్లోని యంత్రాలన్నిటికీ అనుమతి పత్రం కాజాలదు అంది.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది తరువాతి భాగం. కార్నెల్ విశ్వవిద్యాలయం విషయాన్ని పూర్తిగా పోలీసులకు వదిలేసి చేతులు దులుపుకోలేదు. తన సంఘాన్ని తానే వేసుకుని 1989 ఫిబ్రవరికల్లా నివేదిక రాయించుకుంది. అటు ప్రభుత్వం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆ నవంబరు లోపలే కంప్యూటర్ అత్యవసర బృందాన్ని, అంటే మొదటి సెర్ట్‌ను పెట్టించింది. ఎక్కడైనా భద్రతలో కంత కనిపిస్తే ఎవరికి చెప్పాలి అనే ప్రశ్నకు అప్పటిదాకా అందరికీ తెలిసిన జవాబు లేదు. ఆ తరువాత ఉంది. మోరిస్ శిక్ష పూర్తిచేసుకుని, డాక్టరేటు తీసుకుని, చివరికి ఎంఐటీలోనే ప్రొఫెసర్ అయ్యాడు. తప్పుకు శిక్ష పడింది, మనిషి మిగిలాడు, వ్యవస్థ బాగుపడింది. మూడూ జరిగాయి.

బిల్డింగ్ 16

రెండో కథలో ఆ మూడూ జరగలేదు. ఇరవై రెండేళ్ల తరువాత, అదే చట్టం, అదే ఎంఐటీ.

ఆరన్ స్వార్ట్జ్ చిన్నప్పుడే ఇంటర్నెట్ ప్రమాణాల తయారీలో చెయ్యి పెట్టిన ప్రతిభావంతుడు. 2010లో హార్వర్డ్‌లో ఒక ఫెలోషిప్ మీద ఉన్నాడు. ఎంఐటీ నెట్‌వర్కు అప్పట్లో అతిథులకూ తెరిచి ఉండేది. ప్రాంగణంలోకి వచ్చినవాళ్లు లాప్‌టాప్ తగిలించుకుని వాడుకోవచ్చు. అక్కడి నుంచి జేస్టోర్ అనే పరిశోధన వ్యాసాల భాండారంలోని పత్రాలను ఒక ప్రోగ్రాముతో వరసగా దించుకోవడం మొదలుపెట్టాడు. జేస్టోర్ ఒక అడ్రసు ఆపితే ఇంకో అడ్రసు తీసుకున్నాడు. చివరికి 2010 అక్టోబరులో జేస్టోర్ ఎంఐటీ మొత్తానికి కొన్ని రోజులు దారి మూసేసింది. అతనితో సంబంధం లేని వేలమంది పరిశోధకులకు తలుపు పడింది. ఆపైన అతను బిల్డింగ్ 16 నేలమాళిగలోని తీగల గదిలో లాప్‌టాప్ పెట్టి నేరుగా నెట్‌వర్కుకు తగిలించాడు. 2011 జనవరి 6న అరెస్టయ్యాడు. దించుకున్న పత్రాలు నలభై లక్షలకు పైమాటే.

పత్రాలు వెనక్కి ఇచ్చాక జేస్టోర్ తనకు కేసు అక్కర్లేదంది. ప్రభుత్వ న్యాయవాదులు మాత్రం వదల్లేదు. అభియోగాలు పదమూడు దాకా పెరిగాయి. ఎంఐటీ ‘మేం తటస్థం’ అని పక్కకు జరిగింది. 2013 జనవరి 11న, ఇరవై ఆరేళ్ల వయసులో స్వార్ట్జ్ ప్రాణం తీసుకున్నాడు. ఆ తరువాత ఎంఐటీ తన ప్రొఫెసర్ హాల్ ఏబెల్సన్‌ను విచారణకు పెట్టింది. ఆ జూలైలో వచ్చిన నివేదిక, సంస్థ చట్టప్రకారం తప్పు చేయలేదంటూనే, ఇంటర్నెట్ గురించీ జ్ఞానం అందుబాటు గురించీ ప్రపంచానికి చెప్పే స్థానంలో ఉన్న సంస్థ ఆ కేసులో నాయకత్వం చూపే అవకాశం వదులుకుందని అంగీకరించింది.

స్వార్ట్జ్ చేసింది సరైన పని అని నేను చెప్పబోవడం లేదు. జ్ఞానం అందరిదీ అన్న ఆశయం గొప్పది. ఆ ఆశయం కోసం పక్క గది పరిశోధకుడి దారి మూతపడేలా చేయడం గొప్పది కాదు. కానీ నేను ఇందాక చెప్పిన లెక్క ఇక్కడా వేయండి. ఒక యువకుడి వల్ల కొన్ని రోజులు ఒక సేవ ఆగింది. తన ప్రాంగణంలో జరిగినదాన్ని తాను తూచి, ఇది ఇంత నేరం, దీనికి ఇంత చాలు అని చెప్పగల శక్తి ఉన్న సంస్థ నోరు మెదపకపోవడం వల్ల జరిగింది అంతకన్నా పెద్దది. విశ్వవిద్యాలయం నెట్‌వర్కు యజమాని మాత్రమే కాదు, గురుస్థానం కూడా. కేసు పోలీసులకు వెళ్లినంత మాత్రాన ఆ స్థానం రద్దయిపోదు.

మన హాస్టల్, మన ఆఫీసు

ఇక మన దగ్గరికి వద్దాం. ఏ హాస్టల్లో అయినా ఏడాదికి ఒకసారైనా జరిగే సంగతి చెబుతాను. ఇక్కడి విద్యార్థులు నవ్వుకుంటారని తెలుసు.

రెండో అంతస్తు చివరి గదిలో వైఫై అందదు. కంప్లయింటు పెట్టి పెట్టి విసిగిన కుర్రాడు వెయ్యి రూపాయలు పెట్టి ఒక రూటరు కొనుక్కొస్తాడు. గోడలోంచి వచ్చే తీగను దాని వెనక విడిగా ఉన్న వాన్ రంధ్రంలో పెట్టాలి. పక్కన వరసగా ఉన్న నాలుగు లాన్ రంధ్రాల్లో ఒకదానిలో పెడతాడు. తన ఫోను కనెక్ట్ అయినట్టు కనిపిస్తుంది. దుప్పటి కప్పుకుంటాడు. ఆ క్షణం నుంచి అదే అంతస్తులో ఏ లాప్‌టాప్ ‘నాకో అడ్రసు ఇవ్వండి’ అని అడిగినా, ఎక్కడో ఉన్న సెంటర్ సర్వరు కన్నా ముందు ఈ డబ్బా జవాబిస్తుంది. 192.168 తో మొదలయ్యే ఒక దొంగ అడ్రసు చేతిలో పెడుతుంది. అందరికీ ‘కనెక్టెడ్’ అని కనిపిస్తుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. మర్నాడు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరు తేదీ. రాత్రి రెండింటికి వరండా అంతా గోల. కారకుడు మాత్రం హాయిగా నిద్రపోతుంటాడు, తనవల్ల అని అతనికే తెలియదు.

పొద్దున ఆ రూటరు దొరుకుతుంది. కుర్రాడికి జరిమానా, నోటీసు బోర్డు మీద పేరు. సరే. కానీ లెక్క పూర్తిగా వేద్దాం. ఆ అంతస్తులో ఉన్న స్విచ్‌కి, అడ్రసులిచ్చే హక్కు ఫలానా పోర్టుకే ఉంది, వేరే ఎక్కడి నుంచి ఎవరిచ్చినా చెల్లదు అని చెప్పే సదుపాయం ఉంటుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ అంటారు. ఒకసారి సర్దితే ఇలాంటి వెయ్యి రూటర్లు తగిలించినా ఏమీ కాదు. అది సర్దనిది ఎవరు? ఆ గదికి సిగ్నల్ అందడం లేదని అన్నిసార్లు రాసిన కంప్లయింటు ఎవరి బల్ల మీద ఉంది? జరిమానా కట్టింది ఒకరు, బాధ్యులు ముగ్గురు.

రెండో సంగతి ఆఫీసుల్లోది. పరీక్షల విభాగంలో మార్కులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి ఒకే లాగిన్, అది సూపరింటెండెంటు గారిది. పని మాత్రం నలుగురిది. కాబట్టి పాస్‌వర్డు కీబోర్డు కింద చీటీ మీద ఉంటుంది. ఫలితాల సీజనులో ఆ చీటీ లేకపోతే పని నడవదు. రేపు ఒక మార్కు మారిందని తేలితే లాగ్‌లో ఉండేది ఒకే పేరు. నిజంగా మార్చినవాడు తప్పించుకుంటాడు, రిటైర్‌మెంటుకు ఏడాది ఉన్న పెద్దమనిషి ఇరుక్కుంటాడు. పాస్‌వర్డు పంచుకోవడం తప్పని అందరికీ తెలుసు. నలుగురు చేసే పనికి ఒక్క లాగిన్ కొని పెట్టినవాళ్లు ఆ తప్పును తప్పనిసరి చేశారని మాత్రం ఎవరూ అనరు.

మూడోది పరిశోధకులది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఒక ప్రభుత్వ కాలేజీ అధ్యాపకుడు ఇదివరకు కళ్లతో చూడని పత్రికలు ఇప్పుడు తెరవగలడు. ఇదంతా ప్రజాధనం. అయితే ఇలాంటి చందాల్లో సంస్థను ప్రచురణకర్త ఎక్కువగా దాని నెట్‌వర్కు అడ్రసులను బట్టే గుర్తుపడతాడు. ఎవరో ఒకరు రాత్రికి రాత్రి సంపుటాలకు సంపుటాలు దించుకునే స్క్రిప్టు నడిపితే, అవతలి యంత్రం అది మనిషి చదువు కాదని పసిగట్టి ఆ అడ్రసులన్నిటినీ ఆపేస్తుంది. 2010లో ఎంఐటీకి పట్టిన గతే ఇక్కడా. మర్నాడు థీసిస్ సమర్పించాల్సిన అమ్మాయికి ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తుంది. ఆ స్క్రిప్టు నడిపిన రీసెర్చ్ స్కాలర్‌కి నేను చెప్పేది ఒకటే. భాషాశాస్త్రం కోసమో, గణాంకాల కోసమో వేల వ్యాసాలు ఒక్కసారిగా కావాల్సిన పరిశోధనలు ఉంటాయి. అందుకు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లండి. అడిగి తెచ్చుకునే దారి ఉండగా గోడ దూకడం ఎందుకు?

తాళాలు ఎవరి చేతిలో ఉంటే

మన ఊళ్లలో చెరువు కింద నీరుగంటి ఉండేవాడు. తూము తాళం అతని చేతిలో. ఏ మడికి ఎంత నీరు వెళ్లిందో అతనికి తెలియాలి, తెలియకపోతే పంపకం జరగదు. అంతమాత్రాన ఎవరి ఇంట్లో ఏం వండుకున్నారో తొంగిచూసే హక్కు అతనికి లేదు. తనకు నచ్చినవాడి పొలానికి రాత్రిపూట తూము ఎత్తే హక్కు అంతకన్నా లేదు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు ఉద్యోగం సరిగ్గా ఇదే.

అతనికి ఏమేం కనిపిస్తాయో విద్యార్థులు తెలుసుకోవాలి. ఏ పరికరం, ఎవరి లాగిన్‌తో, ఎన్ని గంటలకు, ఏ భవనంలోని ఏ వైఫై డబ్బాకు తగులుకుందో కనిపిస్తుంది. ఏ వెబ్‌సైట్ల వైపు వెళ్లిందో చాలావరకు కనిపిస్తుంది. అంటే ఎవరు రాత్రి ఎక్కడున్నారో, ఎవరి పక్కన ఎవరున్నారో కూడా కాస్త తీరిక ఉంటే తేల్చేయవచ్చు. ఇవి దాచక తప్పదు. భారత కంప్యూటర్ అత్యవసర బృందం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. భద్రపరచమన్నారు సరే, ఎవరికి చూపించాలి? ‘ఫలానా అమ్మాయి రాత్రిళ్లు ఏం చూస్తోందో కాస్త చెప్పవయ్యా’ అని ఒక పెద్దాయన ఫోన్ చేస్తే కాంట్రాక్టు మీద పనిచేసే కుర్ర అడ్మిన్ ఏం చేయాలి? కాదనే ధైర్యం అతనికి ఎక్కడి నుంచి రావాలి? మన నియమావళిలో అతనికి అండగా నిలిచే వాక్యం ఒక్కటి కూడా ఉండదు.

దీనికి న్యాయస్థానాలు కొంత దారి చూపాయి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది. రెండేళ్ల తరువాత, 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఒక హాస్టల్ కేసులో తీర్పు ఇచ్చింది. కోళిక్కోడ్ జిల్లాలోని ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్లు అప్పగించాలన్న నియమం. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది కోర్టు. క్రమశిక్షణ వద్దని అనలేదు. వయసొచ్చిన విద్యార్థులు చదువుకునే పరికరాన్ని లాక్కోవడం క్రమశిక్షణ కాదంది.

మన తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, మనమంతా ట్రిపుల్ ఐటీ అనే నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో, పల్లెటూరి పిల్లలు పదో తరగతి కాగానే చేరతారు. చేతికి లాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పాలన్నది ఆ సంస్థల పుట్టుకలోనే ఉన్న ఆలోచన. గొప్ప ఆలోచన. కానీ చేరే పిల్లలకు పదిహేను, పదహారేళ్లు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో పద్దెనిమిది నిండనివాళ్లందరూ పిల్లలే. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఒకే హాస్టల్లో ఒక గదిలో ఉన్నది చట్టం ప్రకారం పిల్లవాడు, పక్క గదిలో ఉన్నది ఓటరు. ఇద్దరి డేటానూ ఒకే సర్వరులో ఒకే పద్ధతిలో పోగేసే సంస్థలు ఇప్పటికైనా కూర్చుని ఆలోచించాలి.

చట్టం గురించి ఒక మాట. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకి దూరినా, డేటా దించుకున్నా, సేవకు ఆటంకం కలిగించినా నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసబుద్ధితోనో దురుద్దేశంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. ఇంకొకరి పాస్‌వర్డు దొంగబుద్ధితో వాడితే 66సి కింద మూడేళ్ల దాకా. మోరిస్ కేసులో కోర్టు పట్టించుకోని ఉద్దేశాన్ని మన చట్టం శిక్ష దగ్గర పట్టించుకుంటుంది. అది మంచిదే. ఇక 66ఏ సంగతి. ‘అభ్యంతరకర’ సందేశాల పేరుతో ఎవరినైనా లోపలేయగలిగిన ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసింది ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని. కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని 2021లో అదే కోర్టు విస్తుపోయింది. ఎక్కడి నుంచో కాపీ చేసి నియమావళి రాసుకునే విభాగాలు తమ కాగితంలో ఆ సెక్షన్ ఇంకా బతికుందేమో ఒకసారి చూసుకుంటే మంచిది.

చేయదగిన పనులు

విమర్శించి వెళ్లిపోతే మాస్టారు ఒప్పుకునేవారు కారు. అందుకని కొన్ని సూచనలు.

మొదటిది, ఒక మనిషికి ఒక లాగిన్. అటెండరైనా సరే, రిజిస్ట్రార్ అయినా సరే. నలుగురు పనిచేసే చోట ఒకే లాగిన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను కొనుగోలు కమిటీయే తిప్పి పంపాలి.

రెండోది, లాగ్‌లు చూడటానికి రాతపూర్వకమైన కారణం, ఇద్దరి సంతకాలు. ఒకరు కంప్యూటర్ సెంటర్ నుంచి, మరొకరు ఆ విభాగంతో సంబంధం లేని అధ్యాపకులు. ఎవరి లాగ్ చూశారో, విచారణ ముగిశాక వారికి తెలియజేయాలి. గడువు దాటినవి చెరిపేయాలి. పైనుంచి ఫోన్ వచ్చినప్పుడు ‘సార్, రాసి పంపండి’ అనగలిగే వీలు అడ్మిన్‌కు దీంతో వస్తుంది.

మూడోది, కంత కనిపెట్టినవాడికి అభయం. మన ఫలితాల పేజీలో చివరి అంకె మారిస్తే పక్కవాడి మార్కుల మెమో తెరుచుకుంటోందని ఒక విద్యార్థి గమనించాడనుకోండి. అక్కడితో ఆగి చెబితే అతను సంస్థకు మేలు చేసినవాడు. వెయ్యి మెమోలు దించి గ్రూపులో పెడితే నేరస్థుడు. ఈ గీత ఎక్కడుందో ముందే రాసి పెట్టాలి. చెప్పినవాడి మీద చర్య ఉండదని, ఇన్ని రోజుల్లో జవాబిస్తామని అదే కాగితంలో హామీ ఇవ్వాలి. ఇవాళ మన కుర్రాళ్లు చూసి కూడా ఊరుకుంటున్నారు. చెబితే ‘నువ్వెందుకు అక్కడికి వెళ్లావు’ అంటారన్న భయం.

నాలుగోది, దిక్కులేని సర్వర్లు. ఎప్పుడో సెమినార్ కోసం ఒక వెబ్‌సైట్ పెడతారు. చూసుకునే స్కాలర్ డాక్టరేటు పుచ్చుకుని వెళ్లిపోతాడు. సర్వరు మాత్రం మూలన మూలుగుతూ ఉంటుంది. కొన్నాళ్లకు విశ్వవిద్యాలయం పేరు మీద రమ్మీ ఆటల ప్రకటనలు వెలుస్తాయి. ప్రతి సర్వరుకూ ఒక బాధ్యుడి పేరు, ఒక ముగింపు తేదీ ఉండాలి. పేరు లేని యంత్రానికి తీగ తీసేయాలి.

అయిదోది అధ్యాపకులకు. విద్యార్థుల జవాబు పత్రాలు, ఇంకా అచ్చుకాని థీసిస్‌లు, సమీక్షకు వచ్చిన వ్యాసాలు తీసుకెళ్లి బయటి ఏఐ సేవల్లో పెట్టి ‘సంగ్రహం చెప్పు’ అంటున్నారు. అవి మీవి కావు. మీ దగ్గర నమ్మకంగా ఉంచినవి. విద్యార్థి ఏఐతో రాశాడని కోప్పడే ముందు, అతను రాసినదాన్ని మనం ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి.

ఆఖరిది, ఆ సగం కాగితాన్ని నిండు కాగితం చేయడం. ఒకే పేజీ, రెండు వరసలు. ఎడమవైపు వాడుకునేవాళ్లు సంస్థకు ఇచ్చే మాటలు. కుడివైపు సంస్థ వాళ్లకు ఇచ్చే మాటలు: ఏమి చూస్తాం, ఏమి చూడం, ఎన్నాళ్లు దాస్తాం, సేవ ఆగితే ఎవరు జవాబు చెబుతారు, తప్పు జరిగితే పోలీసులకు ఇచ్చే ముందు మేం ఏం విచారిస్తాం. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. అడ్మిషన్ కౌంటరు దగ్గర హడావిడిగా సంతకం పెట్టించుకోవద్దు. మొదటి వారంలో ల్యాబ్‌లో ఒక గంట కేటాయించి, తప్పు రంధ్రంలో పెట్టిన రూటరు ఎందుకు కొంప ముంచుతుందో స్విచ్ పెట్టి చూపించి, ప్రశ్నలడగనిచ్చి, అప్పుడు సంతకం తీసుకోండి. కారణం తెలిసిన నియమాన్ని మన పిల్లలు మనకన్నా బాగా పాటిస్తారు.

ఆ కాగితం మీద మొదటి సంతకం వైస్ ఛాన్సలర్ గారిది, రెండోది కంప్యూటర్ సెంటర్ అధిపతిది, ఆఖరిది కొత్తగా చేరిన విద్యార్థిది ఉండాలి. వరస అదే. విద్యార్థులారా, కుడివైపు వరస ఖాళీగా ఉన్న కాగితం మీ ముందుకు వస్తే, సంతకం పెట్టే ముందు అది ఎప్పుడు నింపుతారని మర్యాదగా అడగండి. అధికారులు ఆ ప్రశ్నను ధిక్కారం అనుకోకుండా ఉంటే ఈ ఉపన్యాసానికి ప్రయోజనం దక్కినట్టే.